మృతుల కొరకు బాప్తిస్మము: నావూ నుంచి నేటి వరకు



1 కొరింథీ 15:29లో పౌలు పునరుత్థానం గూర్చి వాదిస్తూ మృతుల కొరకు బాప్తిస్మం పొందేవారిని ఒక్క మాటలో ప్రస్తావించి ముందుకు వెళ్లిపోయాడు. చేయమని ఆజ్ఞాపించలేదు. ఆ ఒక్క వచనం మీద పెద్ద ఆచారాన్నే కట్టినవారు మోర్మోనులు.

1840 ఆగస్టు 15న అమెరికాలోని నావూ పట్టణంలో, ఒక సమాధి కూడికలో జోసెఫ్ స్మిత్ దీన్ని మొదటిసారి బోధించాడు. నది ఒడ్డున చిత్తడి నేల, జ్వరాలు, ఇంటింటా చావులు. కొడుకును పోగొట్టుకున్న జేన్ నైమన్ అనే తల్లి కొద్ది వారాలకే మిస్సిసిపీ నదిలో దిగి అతని పేరిట మునిగింది. ఆ తల్లిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. మరుసటి ఏడు, ఇంకా కట్టుబడిలో ఉన్న దేవాలయంలో పన్నెండు చెక్క ఎద్దుల మీద తొట్టి నిలిపారు. సొలొమోను పోత సముద్రం గుర్తుకొస్తుంది గదా! అయితే అది యాజకులు కడుగుకొనుటకు, మృతుల కొరకు కాదు.

1894లో వారి అధ్యక్షుడు విల్‌ఫర్డ్ ఉడ్రఫ్ ప్రతివాడూ తన కన్నవారితోనే, వారు తమ కన్నవారితోనే ‘ముద్రింపబడాలి’ అన్నాడు. వంశావళుల సంఘం పుట్టింది ఆ ఏడే. ముద్ర అంటే నిత్యత్వానికి కుటుంబాన్ని కట్టివేసే సంస్కారం.

చిక్కు ఇక్కడే. అమెరికా అంతటా 2015లో స్వలింగ వివాహం చట్టమైంది. 2019 డిసెంబరు నుంచి వారి ఫ్యామిలీసెర్చ్ వంశవృక్షంలో అలాంటి జంటలను కూడా నమోదు చేయవచ్చు. పేరు చెట్టులో ఉంటుంది, బాప్తిస్మం ఒక్కొక్కరికి విడిగా జరగవచ్చు, జంటకు ముద్ర మాత్రం ఉండదు. వివాహం స్త్రీ పురుషులదేనని మనమూ బోధిస్తాం. నా అభ్యంతరం అది కాదు. నలభై ఏళ్లు ఒకరితో బతికి, ఆ సంఘాన్ని ఎన్నడూ కోరని మనిషి పేరును, అతను పోయాక బంధువులు తీసుకెళ్లి సంస్కారం చేయించడం ఏమి న్యాయం? ఆత్మలోకంలో అతడు నిరాకరించవచ్చు అని వారి జవాబు. హిట్లరు చంపించిన యూదుల పేర్లకు ఇలాగే చేస్తే, వారి వారసులు వేదనపడి ఎదిరించారు. 1995లో ఆపుతామని ఒప్పుకున్నారు. గత 110 ఏళ్లలో పుట్టినవారికైతే దగ్గరి బంధువు అనుమతి కావాలని నియమం ఉంది.

సువార్త వినకుండా పోయిన తాతముత్తాతలు మన ఇళ్లలోనూ ఉన్నారు. వారి సంగతి న్యాయము చేయు దేవుని చేతిలో ఉంది, మన తొట్టిలో లేదు. బెంగళూరులో దేవాలయం కడతామని మోర్మోనులు 2018లో ప్రకటించారు. మీ పెద్దల పేర్లు ఎవరైనా అడిగితే, ఇచ్చేముందు ఒకసారి నాకు ఫోన్ చేయండి.