నీటిలో యాంటీబయాటిక్ కాలుష్యం

మనుషులకూ పశువులకూ వాడిన యాంటీబయాటిక్ మందుల అవశేషాలు, వాటిని తయారుచేసే కర్మాగారాల వ్యర్థాలు వాగులు, చెరువులు, భూగర్భజలాల్లో చేరడాన్ని యాంటీబయాటిక్ కాలుష్యం అంటారు. ప్రపంచ పరిశోధకులు దీనికి తరచుగా ఉదాహరణగా చూపే చోట్లలో తెలంగాణలోని పటాన్‌చెరు ఒకటి.

మింగిన మందంతా ఒంట్లో ఖర్చయిపోదు. అందులో చెప్పుకోదగ్గ భాగం మలమూత్రాలతో మురుగుకాల్వల్లోకి పోతుంది. కోళ్లఫారాలు, రొయ్యల చెరువుల నుంచి మరికొంత వచ్చి కలుస్తుంది. ఈ కాలుష్యం అన్నిచోట్లా ఉంటుంది కానీ పలచగా ఉంటుంది. కర్మాగారాల నుంచి వచ్చేది కొద్దిచోట్లే, కానీ చాలా చిక్కగా ఉంటుంది.

పటాన్‌చెరు ఉదంతం

1960లలో బాలానగర్‌లో ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ వచ్చాక హైదరాబాద్ చుట్టూ మందుల ముడిసరుకు (బల్క్ డ్రగ్) తయారుచేసే పరిశ్రమ వేళ్లూనుకుంది. పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి ప్రాంతాల్లో వెలసిన సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను ట్యాంకర్లలో ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రానికి చేరవేసేవారు. అక్కడ శుద్ధి అయి బయటికి వస్తున్న నీటిని స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. ఆ మందు వేసుకుంటున్న రోగి రక్తంలో కూడా అది అంత చిక్కగా ఉండదు. ఒక్కరోజులో ఆ కేంద్రం నుంచి పోతున్న సిప్రోఫ్లాక్సాసిన్ దాదాపు 45 కిలోలని అంచనా వేశారు. అప్పట్లో 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే మందు అది. 2009లో వచ్చిన మరో అధ్యయనంలో చుట్టుపక్కల చెరువుల్లోనూ, ఊళ్లలోని బావినీళ్లలోనూ మందుల జాడలు బయటపడ్డాయి. ఇక్కడి మురుగు అప్పట్లో నక్కవాగు మీదుగా మంజీరలో, అటునుంచి గోదావరిలో కలిసేది.

ఆ కేంద్రం నీటిలో తేలినవి శుద్ధి చేశాక మిగిలిన లెక్కలని మరవకూడదు. శుద్ధి కేంద్రంలో మలినాలను కుళ్లబెట్టి తినేది బాక్టీరియానే. వాటి పని సాగడానికి పటాన్‌చెరులో జనావాసాల మురుగు కూడా కలిపేవారు. దాంతో మనుషుల పేగుల్లోని సూక్ష్మజీవులు, వాటికి కావలసిన మేత, వాటిని చంపే మందు ఒకే తొట్టిలో చేరాయి. మందుకు లొంగినవి చస్తాయి, లొంగనివి పెరుగుతాయి. పైగా బాక్టీరియా తమ నిరోధక జన్యువులను ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్‌ఏ వలయాల ద్వారా వేరే జాతులకూ అందించగలవు. ఈ వాగుల అడుగు మట్టిలో అలాంటి జన్యువులు విపరీతంగా ఉన్నట్లు 2011లో తేలింది. 2017లో ప్రచురితమైన అధ్యయనం కోసం జర్మన్ పరిశోధకులు హైదరాబాద్ పరిసరాల్లో 28 చోట్ల సేకరించిన నీటి నమూనాల్లో దాదాపు అన్నిటిలోనూ మొండి బాక్టీరియా కనిపించింది.

ఆరోగ్యంపై ప్రభావం

గ్లాసెడు నీళ్లతో ఒంట్లోకి పోయే మందు సాధారణంగా బహు స్వల్పం. అసలు భయం దానివల్ల కాదు, ఆ నీటిలో రాటుదేలిన సూక్ష్మజీవుల వల్ల. అవి తాగునీటితో, ఆ నీళ్లు పారించిన కూరగాయలతో, చేతులతో పేగుల్లోకి చేరి చప్పుడు లేకుండా ఉండిపోవచ్చు. తరువాత ఎప్పుడో మూత్రనాళ ఇన్ఫెక్షనో, ఆపరేషన్ గాయానికి ఇన్ఫెక్షనో వచ్చినప్పుడు మామూలు మందులు పనిచేయవు. కార్బాపెనెమ్‌ల వంటి బలమైన మందులనూ వమ్ముచేసే ఎన్‌డీఎమ్-1 జన్యువు 2011 అధ్యయనంలో న్యూఢిల్లీ కుళాయి నీళ్ల నమూనాలు 50లో 2 చోట్ల, రోడ్ల పక్కన నిలిచిన నీటి నమూనాలు 171లో 51 చోట్ల దొరికింది. మందులకు లొంగని బాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది నేరుగా మరణించారని అంచనా. అందులో కలుషిత నీటి వాటా ఎంతో విడదీయడం కష్టం.

నియంత్రణ

కర్మాగారాల నీటిలో మలినాల మోతాదును ఆక్సిజన్ అవసరం ద్వారా చూపే బీఓడీ, సీఓడీ, ఆమ్ల-క్షార స్థాయి వంటివి కొలుస్తారు. ఈ లెక్కలన్నీ సరిపోయిన నీటిలోనూ యాంటీబయాటిక్ ఉండవచ్చు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. ప్రపంచంలో అలాంటి ప్రయత్నాలు అరుదు. కానీ 2021 ఆగస్టులో వెలువడిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై తొలిసారి మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటిని పాటించాలని ఏ దేశానికీ చట్టపరమైన నిర్బంధం లేదు.