వ్యాళశబ్దమును ఓరుగంటి యేనుఁగులును

పాలంపేట రామప్పదేవాలయమునకుఁ బోయినవారు ద్వారములకడ మదనికలను జూచి మురిసి తిరిగివత్తురు. తక్కిన వెలుపలి స్తంభములపై చూరును మోయుచున్నట్లు మలచిన వ్యాళములను నిలిచి చూచువా రరుదు. 1213లో రేచర్ల రుద్రుఁడు నిలిపిన యీ గుడిలో శిల్పులకు వ్యాళము కల్పితమృగము. గజశాస్త్రజ్ఞులకో, అది కల్పితము గాదు. ఆలానమునకుఁ గట్టువడియు మనుష్యుని జంపఁజాలు నేనుఁగునకే వా రాపేరు పెట్టిరి.

ఓరుగల్లు గజబలమునకుఁ బేరొందిన పట్టణము. గణపతిదేవుని గజసాహిణియగు జాయపసేనాని నృత్తరత్నావళీకర్తగానే మనకుఁ బరిచితుఁడు. ఆయన దినములు నాట్యముతోఁ గంటె నేనుఁగులతోనే యెక్కువగా గడచియుండును. 1310లో మాలిక్ కాఫూరు కోటను ముట్టడింపఁగాఁ బ్రతాపరుద్రుఁ డిచ్చిన కప్పము నూఱేనుఁగులు, ఏడువేల గుఱ్ఱములని బరనీ చెప్పిన లెక్క ప్రసిద్ధము. మావటులు లేక యేనుఁగు కదలదు. వారి లెక్క మాత్ర మందు వినఁబడదు.

కౌటిల్యుఁడు పనినిబట్టి యేనుఁగులను దమ్యము, సాన్నాహ్యము, ఔపవాహ్యము, వ్యాళము నని నాలుగు తెగలు చేసెను. మొదటి మూఁడును శిక్షకుఁ, బోరికి, సవారికిఁ దగినవి. నాలవదానికి 'క్రియావిపన్న' మని లక్షణము చెప్పెను. ఇచట క్రియ యనఁగా శిక్షణము. దీనిని సామాన్యముగా 'శిక్షణమునకు లొంగనిది' యని యర్థము చెప్పుదురు. అనఁగా దోషము మృగమునందు. కాని సప్తమీసమాసమునకుఁ బాణిని గణనియమము పెట్టెను; కృదంతముతోడి తృతీయకు బహుళముగాఁ జోటిచ్చెను. కావున 'శిక్షణముచేఁ జెడినది' యనుటయే నాకు సాధువుగాఁ దోఁచుచున్నది. అట్లైనచో వ్యాళము అడవిలోఁ బుట్టినది గాదు, గజశాలలోఁ బుట్టినది. శంకితము, అవరుద్ధము, విషమము, ప్రభిన్నము ననునవి యా ప్రకరణముననే వచ్చు భేదములు. అందుఁ బ్రభిన్నము మదము స్రవించునది. దాని కెవరిని నిందింపవలసిన పని లేదు, కంటికిని జెవికిని నడుమ స్రావము గానఁబడినపు డెడముగా నుండుటయే తెలివి. ఊరక శంకించు నేనుఁగున కా శంక యెవరు నేర్పిరి?

కంటకశోధనమునఁ గౌటిల్యుఁడే దీని ధర్మమును విభజించెను. తాను రెచ్చఁగొట్టిన యేనుఁగుచేఁ జచ్చినవానికై యన్నము, మద్యకుంభము, మాల్యానులేపనములు, దంతములు తుడుచుటకు వస్త్రము నా యేనుఁగునకే యీయవలయునఁట! నవ్వు పుట్టించినను దోష మెవరిదో యిందు స్పష్టము. ఉదాసీనుఁడు చచ్చినచో నడుపువాని కుత్తమసాహసదండము. కొమ్ములు కోఱలు గల జంతువు హింసించుచుండఁగా విడిపింపని స్వామికిఁ బూర్వసాహసము. మొఱపెట్టినను విడిపింపనిచో రెట్టింపు.

2024 ఫిబ్రవరిలోఁ దిరుపతి జంతుప్రదర్శనశాలయందు సింహముండు నావరణములోనికి దుమికి యొకఁడు మరణించెను. అతఁడు మొదటి తెగకుఁ జేరునని విభజింపవచ్చును. 2023 అక్టోబరులో హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలయం దేనుఁగుచేఁ జనిపోయినవాఁడు దాని పాలకుఁడే. అతఁడు రెచ్చఁగొట్టినవాఁడనుటకు సాక్ష్యము లేదు. నిత్యము దానికి మేఁత పెట్టువానిని ఉదాసీనుఁడనుటయుఁ గుదురదు. మహామాత్రశబ్దమునుండి వచ్చిన మావటి యా ప్రకరణమున దండము చెల్లించువాఁడుగానే కనఁబడుచున్నాఁడు.