ఎర్రకోట బ్యారకులు : విధ్వంసం నుండి వారసత్వానికి

1857 తిరుగుబాటును అణచిన పిమ్మట ఆంగ్లేయులు ఢిల్లీ ఎర్రకోటలోని మొగలు భవనాలలో అధికభాగాన్ని నేలమట్టంచేసి, ఆ స్థలంలో తమ సేనలకు బ్యారకులు నిర్మించారు. కూల్చేముందు అంతఃపురానికి ఒక పటమైనా గీయించలేదని వాస్తుచరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ తీవ్రంగా ఆక్షేపించాడు. ఆక్షేపించినవాడు బ్రిటిష్ జాతీయుడే కావడం గమనార్హం.

అయినప్పటికీ ఈ బ్యారకులను కేవలం విధ్వంసచిహ్నాలుగా పరిగణించడం సమంజసం కాదు. 1858 జనవరిలో బహదూర్‌షా జఫర్ విచారణ ఆరంభమైన దివాన్-ఇ-ఖాస్ మొగలు కట్టడం. 1945 నవంబరు 5న ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులైన షానవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌ల విచారణ మొదలైనది మాత్రం ఆంగ్లేయులు కట్టిన బ్యారకులోనే. భూలాభాయి దేశాయి వారి పక్షాన వాదించింది అక్కడే. యావజ్జీవ ప్రవాసశిక్ష పడినా, దేశమంతటా పెల్లుబికిన ఆగ్రహం ముందు అది నిలువలేదు. 1946 జనవరిలో సర్వసేనాని ఆకిన్‌లెక్ దానిని రద్దుచేయగా ముగ్గురూ విడుదలయ్యారు.

స్వాతంత్ర్యానంతరం కూడా కోటలో సైన్యం కొనసాగింది. 2003 డిసెంబరులో గాని అది పూర్తిగా పురావస్తుశాఖ అధీనంలోకి రాలేదు. బ్యారకులను తొలగించి మొగలు ఉద్యానాలను పునరుద్ధరించాలనే ఆలోచనలో ఆకర్షణ లేకపోలేదు. కాని కూలిన అంతఃపురం తిరిగి రాదు; అదనంగా పోయేది 1945 నాటి విచారణస్థలమే.

2019 జనవరి 23న, నేతాజీ జయంతినాడు, ఈ బ్యారకులలో ప్రదర్శనశాలలు ప్రారంభమయ్యాయి. ఒకదానిలో నేతాజీ వాడిన కొయ్యకుర్చీ, ఖడ్గం ఉన్నాయి. మరొకటి 1857 తిరుగుబాటుకు సంబంధించినది. దానిని అణచినవారు కట్టుకొన్న గోడల నడుమనే నేడు ఆ గాథ ప్రదర్శితమవుతున్నది.