లెక్కల బడి: పరీక్షించినవారు, పక్కన నిలిచినవారు

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రెసిడెన్సీలోని బడులెన్నో, వాటిలో చదివేవారెందరో తేల్చమని కలెక్టర్లను ఆదేశించాడు. చాలామంది పట్టికలు నింపి పంపారు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ మాత్రం 1823 ఆగస్టులో పంపిన నివేదికలో బడి లోపల ఏం జరుగుతుందో కూడా రాశాడు. ఆ జిల్లాలో ఆయన లెక్కకు వచ్చిన 533 బడుల్లో 226 తెలుగువి, 235 కన్నడవి. లెక్కలు ఎలా నేర్పేవారో, నేర్చినది ఎలా పరీక్షించేవారో తెలియడానికి ఇంతకంటే మంచి ఆధారాలు ఆ కాలం నుంచి ఎక్కువ లేవు.

పిల్లవాడు ఇసుకలో వేలితో దిద్దడం మొదలుపెట్టేవాడు. నూరు వరకు అంకెలు, కూడిక పట్టీలు నోటికి వచ్చాక డబ్బు లెక్కలు, కొలతలు, తూనికలు వచ్చేవి. అన్నిటికంటే ఎక్కువ శ్రమ భిన్నాల మీద పెట్టేవారు. ఆ భిన్నాలు పదుల లెక్కన కాక నాలుగుల లెక్కన దిగేవి: ఒకటిలో పావు, పావులో పావు వీసం, వీసంలో పావు కాని. అంటే కాని ఒకటిలో 64వ వంతు. అంగడి పద్దు, భూమి కొలత అన్నీ ఆ వంతుల్లోనే నడిచేవి గనుక ఇది బతుకుతెరువు చదువు. రోజుకు రెండుసార్లు పిల్లలు బారులు తీరి నిలబడి, ఒక పెద్ద విద్యార్థి చెబుతుంటే ఎక్కాలు, భిన్నాలు, మానాలు మొత్తం వల్లించేవారు. వేరే పరీక్ష లేదు, వల్లించడమే పరీక్ష. ఎవడు తడబడ్డాడో అక్కడికక్కడే తెలిసిపోయేది. అయితే లెక్క అర్థమైందా, నోటికి మాత్రమే వచ్చిందా అన్నది ఆ వరసలో తేలేది కాదు.

ముందు నేర్చినవాడు వెనుకవాడికి నేర్పే ఈ పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకుని, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేనన్నాడు. ఆ అనుకరణకు కారకుడు ఆండ్రూ బెల్. 1789లో ఎగ్మూరులోని అనాథ బాలుర బడి బాధ్యత తీసుకున్న ఈ పాదిరీ, స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బడిలోనూ ఆ పద్ధతి పెట్టాడు. పంతుళ్ళు అందుకు ఇష్టపడకపోతే పిల్లలచేతనే పిల్లలకు చెప్పించాడు. 1797లో లండన్‌లో ఆయన అచ్చువేసిన చిన్న పుస్తకంతో అది 'మద్రాసు పద్ధతి'గా పేరుకెక్కింది.

వీధిబడి పంతులును పైనుంచి తనిఖీ చేసే అధికారి లేడు. జీతమిచ్చే తల్లిదండ్రులకే ఆయన జవాబుదారీ. విద్యపై 1854లో వచ్చిన వుడ్ తాఖీదు తర్వాత ఈ ఏర్పాటు మారింది. విద్యాశాఖ ఏర్పడింది, ఇన్‌స్పెక్టర్లు వచ్చారు, బడులకు గ్రాంట్లు వచ్చాయి. ఇంగ్లండులో రాబర్ట్ లో (Lowe) 1862లో ప్రవేశపెట్టిన 'ఫలితాన్ని బట్టి చెల్లింపు' పద్ధతి కొద్ది ఏళ్ళలోనే మద్రాసుకూ చేరింది. తనిఖీ అధికారి బడికి వచ్చి చదవడం, రాయడం, లెక్కల్లో పిల్లలను పరీక్షించేవాడు. ఇందరు గట్టెక్కితే ఇంత సొమ్ము. ఊరి బడులను సర్కారు లెక్కలోకి తేవడానికి ఇది బాగానే పనికొచ్చింది. కానీ పంతులుకు ఇన్‌స్పెక్టరు వచ్చే రోజే ఏడాది మొత్తానికీ గురి అయింది. అడిగే రకం లెక్కలే పదేపదే చేయించడం లాభం, ఎలాగూ గట్టెక్కని పిల్లవాడి మీద పెట్టే కాలం నష్టం.

అదే కాలంలో మద్రాసులో మరో చిన్న ఉద్యోగం ఉండేది: ఇన్‌స్పెక్టింగ్ స్కూల్‌మాస్టరు. ఊరూరా తిరిగి పంతుళ్ళకు బోధన పద్ధతులు చూపించడం, బడిని దారిలో పెట్టడం ఆయన పని. నేడు శిక్షకుడు, మెంటర్ అంటున్నవారికి ఈ ప్రాంతంలో పూర్వీకుడు ఆయనే అనుకోవచ్చు. తనిఖీ వ్యవస్థలో అడుగు మెట్టు ఆయనది. మార్కులు వేసే అధికారం ఆయన పైవాడి చేతిలో ఉండేది.

ఇన్‌స్పెక్టర్లందరూ ఒకే తీరు కాదు. ఉత్తర సర్కారుల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్ 1907 ప్రాంతంలో తెలుగు బోధన గురించి వేసిన ప్రశ్నలే గిడుగు రామమూర్తిని వాడుక భాషా ఉద్యమంలోకి దించాయి. లెక్కలకు అలాంటి అదృష్టం పట్టలేదు. లెక్కల పాఠం మారింది తనిఖీ వల్ల కాదు, బజారు వల్ల. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి, కొద్ది ఏళ్ళలో కిలోలు, మీటర్లు వచ్చాయి. తరాలుగా వల్లించిన వీసం, కాని పట్టీలకు పని లేకుండా పోయింది. రోజువారీ లెక్కల్లో దశాంశాలు పిల్లలతో పాటు చాలామంది మాస్టర్లకూ కొత్తే.

ఉపాధ్యాయుడికి తోటి ఉపాధ్యాయుల సాయం ఒక పథకంగా అందింది 1980ల్లో. బ్రిటన్ నిధులతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం చుట్టుపక్కల బడుల మాస్టర్లు కలుసుకునే ఉపాధ్యాయ కేంద్రాలను ఏర్పరచింది. చేసి నేర్చుకోవడం, జట్టుపని, చుట్టూ దొరికే వస్తువులతో పాఠం చెప్పడం దాని సూత్రాలు. చింతపిక్కలు, పుల్లల కట్టలు స్థానవిలువ పాఠంలోకి వచ్చింది ఇలాంటి ఆలోచనతోనే. దాదాపు అప్పుడే మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు ఒకే గదిలో పలు తరగతులుండే పల్లె బడుల కోసం కార్డుల 'నిచ్చెన' తయారుచేశారు. ప్రతి పిల్లా తన వేగంతో మెట్లెక్కుతుంది. కొన్ని మెట్ల తర్వాత మూల్యాంకన కార్డు, అక్కడ ఆగితే మళ్ళీ సాధన కార్డు. పరీక్ష పాఠంలో ఇమిడిపోయింది. దాన్ని చూసి కర్ణాటక 'నలి కలి'ని, తర్వాత తమిళనాడు కార్యాచరణ ఆధారిత బోధనను రూపొందించుకున్నాయి.

2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రభుత్వం కలిసి ఒక పెద్ద ప్రయోగం మొదలుపెట్టాయి. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నడిపిన ఈ పరిశోధనలో కొన్ని బడుల మాస్టర్లకు మార్కుల పెరుగుదలను బట్టి బోనస్ ఇచ్చారు: సగటు పెరుగుదల 5 శాతం దాటితే ఆపైన ప్రతి శాతానికీ 500 రూపాయలు. 19వ శతాబ్దపు చెల్లింపు సూత్రమే కొత్త లెక్కలతో తిరిగొచ్చిందనవచ్చు. రెండేళ్ళలో ఆ బడుల పిల్లలు మిగతావారికంటే లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనం మేర ముందున్నారు. మరో 100 బడులకు బోనస్ లేదు. ఏ పిల్ల ఎక్కడ వెనకబడిందో చూపే వివరమైన నివేదికలు ఇచ్చి, తరగతి గదులను పరిశీలించారు. ఎవరైనా చూస్తున్నప్పుడు అక్కడి మాస్టర్లు మెరుగ్గా పనిచేశారు గాని, పిల్లల మార్కుల్లో తేడా రాలేదు. బోనస్ ఉన్న బడుల్లో మాత్రం అవే నివేదికలు ఎక్కువగా వినియోగపడ్డాయని పరిశోధకులు గమనించారు. 2010లో వెలువడిన ఈ ఫలితాన్ని డబ్బే మందు అని చదవడం తొందరపాటు. కాగితం మీద రోగనిర్ధారణ అందుకున్న మాస్టరుకు తర్వాత ఏం చేయాలో పక్కన కూర్చుని చూపే మనిషి ఆ ఏర్పాటులో లేడు.

నిజానికి అలాంటి మనిషి కోసమే మండల రిసోర్స్ పర్సన్, క్లస్టర్ రిసోర్స్ పర్సన్ పోస్టులు 1990ల చివర నుంచే జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ), సర్వశిక్షా అభియాన్‌లతో వచ్చాయి. విద్యాహక్కు చట్టం 2010లో అమల్లోకి వచ్చాక నిరంతర సమగ్ర మూల్యాంకనం బడులకు చేరింది: ఏడాది పొడవునా నిర్మాణాత్మక పరీక్షలు, టర్ము చివర సంగ్రహణాత్మక పరీక్షలు. ఉద్దేశం పాఠాన్ని సరిదిద్దుకోవడం. ఆచరణలో చాలాచోట్ల రిజిస్టర్లు నింపడమే పెద్ద పనైంది. 2022లో తెలంగాణలో మొదలైన 'తొలిమెట్టు' ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చదవడం, చతుర్విధ ప్రక్రియల మీద దృష్టి పెట్టి, స్కూలు కాంప్లెక్సు స్థాయి సమావేశాల్లో ఉపాధ్యాయులు పిల్లల స్థాయిలను చర్చించుకునే వీలు కల్పించింది. మరుసటి ఏడాది 'ఉన్నతి' ఆ పనిని ఉన్నత పాఠశాలలకు తీసుకెళ్ళింది. రిసోర్స్ పర్సన్ల పనివేళల్లో పెద్ద వాటా మాత్రం ఇప్పటికీ సమాచార సేకరణ, పత్రాల పంపకానికే పోతోంది.