గోదావరి డెల్టాకు ఇంగ్లీషు వచ్చిన దారులు

ఆంధ్రదేశానికి ఇంగ్లీషు వచ్చిన కథను 1835 ఫిబ్రవరిలో మెకాలే సమర్పించిన విద్యా నివేదికతో మొదలుపెట్టడం చరిత్ర పుస్తకాలలో స్థిరపడిన ఆచారం. పాఠశాలల వరకు ఆ ఆచారంలో తప్పు లేదు గాని, గోదావరి డెల్టాలో ఇంగ్లీషు పాఠశాల మెట్లు ఎక్కడానికి రెండు శతాబ్దాల ముందే బట్టల బేరంలో వినిపించింది. ఆ తరువాత శిస్తు లెక్కల్లోనూ కాలువ గట్ల మీదా నిలదొక్కుకొని, చివరకు గాని పలకా బలపం పట్టలేదు. ఏ దారిన వచ్చిన ఇంగ్లీషు ఆ దారి మాటలనే ఇక్కడ వదిలిపెట్టింది కనుక, నిడదవోలు వంటి ఊళ్ళో నేడు వినిపించే ఇంగ్లీషు మాటల వెనుక వరుసగా పేరుకున్న పొరలు కనిపిస్తాయి.

ఇంగ్లీషు పుట్టుక కూడా ఇటువంటిదే. రోమన్ సేనలు బ్రిటన్ దీవిని విడిచిపోయిన తరువాత, క్రీస్తుశకం 5వ శతాబ్దంలో, నేటి జర్మనీ ఉత్తర తీరం నుంచీ డెన్మార్కు నుంచీ ఆంగ్లులు, శాక్సనులు, జూటులు అనే తెగలు పడవల మీద అక్కడికి చేరి, అంతకుముందున్న కెల్టిక్ భాషలను పడమటి కొండలకు నెట్టి, తమ జెర్మానిక్ మాండలికాలను నాటుకున్నారు. ఆ మాండలికాల కలయికనే భాషా చరిత్రకారులు ప్రాచీన ఇంగ్లీషు అంటారు. 8వ శతాబ్దం చివరినుంచి స్కాండినేవియా ఓడదొంగలైన వైకింగులు వచ్చి దోచుకొన్నారు, ఆపై అక్కడే కాపురం పెట్టి, ‘లా’, ‘ఎగ్’, ‘స్కై’ వంటి నిత్యవ్యవహారపు మాటలను, చివరకు ‘దే’ అనే సర్వనామాన్ని కూడా ఆ భాషకు ఇచ్చారు. ఒక భాష మరొక భాషనుంచి వస్తువుల పేర్లు తీసుకోవడం మామూలే గాని సర్వనామాలను తీసుకోవడం అరుదు. ఆ రెండు జనాలు ఎంతగా కలిసిపోయారో ఆ ఒక్క మాట చెబుతుంది.

1066లో ఫ్రాన్సులోని నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండును గెలవడంతో ఇంగ్లీషు రాజాస్థానం నుంచీ న్యాయస్థానం నుంచీ వెలిపోయి పల్లెల్లో తలదాచుకుంది. సరిగ్గా ఆ కాలంలో ఇక్కడ జరిగింది దీనికి తలక్రిందులు. 1022 నుంచి 1061 వరకు రాజమహేంద్రవరంలో ఏలిన తూర్పు చాళుక్యుడు రాజరాజనరేంద్రుని కొలువులో నన్నయ మహాభారతాన్ని తెనిగించడానికి పూనుకొనగా, ఊరి భాష ఆస్థానం ఎక్కింది. నిరవద్యపురమనే పేరుతో శాసనాలలో కనిపించే పట్టణమని చరిత్రకారులు గుర్తించే నిడదవోలు ఆ వేంగీ రాజ్యంలోనిదే. 13వ శతాబ్దంలో కాకతి రుద్రమదేవిని పెళ్ళాడిన వీరభద్రుడు నిడదవోలు చాళుక్య వంశీకుడు.

ఫ్రెంచి ఏలుబడి సాగిన మూడు వందల ఏళ్ళలో ఇంగ్లీషులోకి అధికారానికి సంబంధించిన మాటలు వేలకొలదిగా దిగుమతి అయ్యాయి. కోర్టు, జడ్జి, టాక్సు, రెవెన్యూ అన్నీ ఆ బాపతువే. 1362లో ఇంగ్లండు పార్లమెంటు, ఫ్రెంచి జనానికి అర్థం కావడం లేదు కనుక న్యాయస్థానాల్లో వాదనలు ఇంగ్లీషులో సాగాలని చట్టం చేసింది గాని, ఆ చట్టాన్ని రాసినది మాత్రం ఫ్రెంచిలోనే. 1476లో కాక్స్‌టన్ వెస్ట్‌మిన్‌స్టరులో అచ్చుయంత్రం పెట్టిన తరువాత స్పెల్లింగులు గట్టిపడ్డాయి, ఉచ్చారణ మాత్రం మారుతూనే పోయింది. రాతకూ పలుకుబడికీ పొంతన కుదరక తెలుగు పిల్లలు నేటికీ పడే అవస్థకు మూలం చాలావరకు అక్కడుంది.

1600 డిసెంబరు 31న ఈస్టిండియా కంపెనీకి రాణి సన్నదు ఇవ్వగా, 1611లో కంపెనీ ఓడ ‘గ్లోబ్’ తెలుగు తీరానికి వచ్చి, మచిలీపట్నంలో వర్తకపు కోఠీకి పునాది పడింది. అప్పటికి ఈ తీరంలో పరదేశి వర్తకానికి వాడుక భాష పోర్చుగీసు. బొత్తాము, తువ్వాలు, పీపా, ఇస్త్రీ వంటి మాటలు తెలుగుకు ఆ భాషనుంచే వచ్చాయి; పాలకొల్లులో కోఠీ పెట్టిన డచ్చివారు కూడా తమ వంతుగా కక్కూసు అనే మాటను వదలి వెళ్ళారని భాషావేత్తలు చెబుతారు. ఇంగ్లీషు వర్తకులు సైతం మొదట ఆ పోర్చుగీసునే ముక్కలుముక్కలుగా పట్టుకొని, మిగిలినదంతా దుబాషీలకు, అనగా రెండు భాషలు తెలిసి ఇరుపక్షాల మధ్య బేరం నడిపే స్థానిక వర్తకులకు, వదిలిపెట్టారు. తెలుగువారిలో మొదట ఇంగ్లీషు పలికినవారు పండితులు కారు, ఈ దుబాషీలే. వారికి కావలసిన ఇంగ్లీషు కొలతలు, ధరలు, గడువులు, బాకీలు దాటి ఎక్కువ దూరం పోలేదు.

డెల్టా లోపలికి ఈ బేరం నరసాపురం పక్కనున్న మాధవాయపాలెం ద్వారా వచ్చింది. గోదావరి వశిష్ఠ పాయ మీద, ఓడలు కట్టే రేవుకు ఆనుకొని ఉన్న ఆ పేటలో 17వ శతాబ్దంలో కంపెనీ కోఠీ వెలసింది. చుట్టుపక్కల నేతగాళ్ళ మగ్గాలనుంచి వచ్చిన నూలు బట్ట ఐరోపా బజారులో ఎంత పేరు తెచ్చుకున్నదంటే, ఊరి పేరే బట్టకు పేరై, దొరల నోట నలిగి, ‘మడపొల్లం’గా ఇంగ్లీషు నిఘంటువుల్లోనూ ‘మదపొలాం’గా ఫ్రెంచి నిఘంటువుల్లోనూ చేరింది. తరువాతి కాలంలో ఇంగ్లండు మిల్లులు నేసిన గుడ్డకు కూడా ఆ పేరు పెట్టి అమ్మడం ఆ మాట పడిన విచిత్రమైన పాటు: మగ్గం మూలబడింది, ఊరి పేరు మాత్రం పరాయి గుడ్డకు చీటీ అయింది. తెలుగు పందికొక్కు కూడా ఈ వర్తక కాలపు వలసదారే. ‘బాండికూట్’ అనే రూపంలో ఇంగ్లీషులోకి పోయి, 18వ శతాబ్దం చివరకు ఆస్ట్రేలియా చేరి, అక్కడ కడుపు సంచిలో పిల్లలను మోసే, పందికొక్కుతో ఏ చుట్టరికమూ లేని, మరొక జంతువుకు పేరుగా స్థిరపడింది.

1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఇచ్చిన ఫర్మానాతోనూ, మరుసటి యేడు నిజాముతో కుదిరిన ఒడంబడికతోనూ ఉత్తర సర్కారులు కంపెనీ వశమయ్యాయి. వర్తకుడు పాలకుడైనంత మాత్రాన కచేరీ భాష మారలేదు; జమాబందీ, పేష్కషు, శిరస్తాదారు వంటి పారశీక, అరబ్బీ మాటలతోనే శిస్తు పని సాగుతుండగా, వాటి మీద కలెక్టరు, కోర్టు, జడ్జి అనే పలుచని పూత మాత్రం పడింది. ప్రజలకు ఇంగ్లీషు నేర్పాలన్న ఆలోచన కన్నా దొరలకు తెలుగు నేర్పవలసిన అవసరమే అప్పటికి ముందుంది. అందుకే 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల ఏర్పడింది, 1816లో కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం అచ్చయింది. తెలుగు సంస్కృత జన్యం కాదనీ తమిళ కన్నడాలతో పాటు వేరొక కుటుంబానికి చెందినదనీ ఎల్లిస్ నిరూపించిన వ్యాసం ఆ పుస్తకానికి పీఠికగానే వెలువడింది. రాజమండ్రిలోనూ మచిలీపట్నంలోనూ న్యాయశాఖలో పనిచేసిన సి.పి. బ్రౌను తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును 1852లో ప్రచురించాడు. ఆ యేడే ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పూర్తయింది. డెల్టా సామాన్యుని నోటికి ఇంగ్లీషును చేర్చడంలో ఏ గ్రంథమూ ఆ ఆనకట్టకు సాటి రాదు.

1830లనాటి కరవుతో చితికిన రాజమండ్రి జిల్లా కోసం ఆర్థర్ కాటన్ ప్రతిపాదించిన ఆనకట్ట పని 1847లో మొదలై అయిదేళ్ళలో ముగిసింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా నదికి అడ్డంగా కట్టిన ఆ కట్టకు పడమటి కొస నిడదవోలుకు చేరువలోని విజ్జేశ్వరం; పశ్చిమ డెల్టా కాలువ అక్కడినుంచే బయలుదేరుతుంది. సాగునీటితో పాటు పడవల రాకపోకలకు కూడా పనికివచ్చేటట్లు ఆ కాలువలను తవ్వడంవల్ల, నీటిమట్టం ఒక్కసారిగా దిగే చోట్ల రెండు జతల తలుపుల మధ్య పడవను నిలిపి, నీటిని నింపి గాని వదిలి గాని దానిని పైకెత్తే, కిందికి దించే కట్టడాలు అవసరమయ్యాయి. వాటిని జనం లాకులన్నారు. లాకులున్న చోట బజారు, బజారున్న చోట ఊరు పెరిగి, ‘లాకుల దగ్గర’ అంటే చాలు చిరునామాగా చెల్లింది. లాకు తలుపులు తిప్పి కాలువ గట్టు కాసే మనిషి లష్కరు అయ్యాడు. సైన్యమనే అర్థమున్న పారశీక పదం ఓడ కూలీకి పేరై, ఇంగ్లీషు ఇంజనీర్ల కాగితాల మీదుగా కాలువ కాపలాదారుకు దిగింది. డెల్టా అన్న మాటే గ్రీకు అక్షరం పేరు, ఆ అక్షరపు ముక్కోణాకారాన్నిబట్టి నదీముఖ భూమికి చెల్లింది. నేటి గోదావరి రైతుకు అది తన సొంత మాట.

ఈ కాలువ మాటల ఎంపికలో ఒక వివేకం కనిపిస్తుంది. అంతకుముందు చెరువుల సేద్యంలో ఉన్నవాటికి తూము, గట్టు, బోదె, కలుజు వంటి పాత పేర్లే నిలిచాయి. కొత్తగా వచ్చినవాటికే లాకు, షట్టరు, రెగ్యులేటరు, అక్విడక్టు అనే ఇంగ్లీషు పేర్లు అంటుకున్నాయి. ఆనకట్ట విషయంలోనైతే ఇచ్చిపుచ్చుకోవడం ఎదురు దిశలో సాగింది: కావేరీ మీది పాత కట్టను చూసి పని నేర్చుకున్న ఇంజనీర్లు తమిళ మాటను ‘అనికట్’గా మార్చి తమ నివేదికలన్నింటా రాసుకున్నారు. కోర్టూ రెవెన్యూ నార్మన్ ఫ్రెంచి సొత్తయితే, లాకూ బోటూ రోడ్డూ బ్రిడ్జీ ఆంగ్లో-శాక్సను రైతుల నాటి మాటలు. ఆ రెండు పొరల తేడా ఇంగ్లండులో పండితులకే తెలిసినట్లు, ఇక్కడ కూడా ఒకటి కచేరీలోనూ మరొకటి కాలువ మీదా విడివిడిగా దిగిన సంగతిని ఎవరూ పట్టించుకోలేదు.

పాఠశాల ఇంగ్లీషు పల్లెలకు చేరడం వీటన్నింటి తరువాతి మాట. 1836లో ఇంగ్లండునుంచి వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీలు నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో స్థిరపడ్డారు. 1843లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో బడి తెరిచాడు. రాజమండ్రిలో 1853లో నెలకొన్న ప్రభుత్వ పాఠశాల 1870లలో కళాశాల అయింది. వీటికన్నా విశేషమైనది సబ్‌కలెక్టరు జి.ఎన్. టేలర్ 1850లలో నరసాపురం, పరిసరాలలో పెట్టించిన బడుల చరిత్ర. ఆనకట్ట నీటితో చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్న రైతులు, శిస్తుతో పాటు కొంత పన్ను అదనంగా తామే కట్టి పల్లెల్లో బడులు నడిపించుకోవడానికి ఒప్పుకున్నారు. ‘రేటు బడులు’గా పేరొందిన ఈ ఏర్పాటు 1863 మద్రాసు విద్యా చట్టానికి మాదిరి అయింది; నరసాపురంలో టేలర్ హైస్కూలు ఆయన పేరును నిలుపుతున్నది. అయితే ఆ పల్లె బడుల్లో ప్రధానంగా నేర్పినది తెలుగు చదువు, లెక్కలు. కరణం రాసిన చిట్టాను తానే చదువుకోగలగడం అప్పటి రైతు కోరిక. ఇంగ్లీషు కోరిక, 1844లో ప్రభుత్వోద్యోగాలకు ఇంగ్లీషు చదివినవారిని ముందుగా తీసుకుంటామన్న ప్రకటనా, 1857లో మద్రాసు విశ్వవిద్యాలయమూ వచ్చిన తరువాత పట్టణాలనుంచి పల్లెలకు పాకింది.

రాజమండ్రిలో ఆ చదువు ఫలితం రెండు తరాల్లోనే బయటపడింది. కందుకూరి వీరేశలింగం గోల్డ్‌స్మిత్ నవలనుంచి ప్రేరణ పొంది రాసిన ‘రాజశేఖర చరిత్రము’ 1880లో పుస్తకంగా రాగా, ఆ తెలుగు నవలను హచిన్సన్ ఇంగ్లీషులోకి మార్చి 1887లో లండనులో అచ్చువేయించాడు. 1907లో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రిలో స్వదేశీ ఉపన్యాసాలు ఇంగ్లీషులోనే ఇచ్చాడు, చిలకమర్తి లక్ష్మీనరసింహం వాటిని వేదిక మీదే తెనిగించి చెప్పారు. ఆ ఉద్రేకంలో ట్రైనింగు కళాశాల విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావు బహిష్కరణకు గురయ్యారు. ఇంగ్లీషు పాలకుల మీద తిరుగుబాటుకు, ఒక బెంగాలీకీ తెలుగువారికీ మధ్య దుబాషీ పని చేసినది ఆ పాలకుల భాషే.

రైలు వచ్చిన తరువాత నిడదవోలు జంక్షనైంది. భీమవరం, నరసాపురం వెళ్ళే దారి మద్రాసు–కలకత్తా మార్గంనుంచి అక్కడ చీలుతుంది. లాకు మాటలు కాలువ గట్టు వారికే పరిమితమైతే, టికెట్టు, గేటు, గార్డు, గూడ్సు, సిగ్నలు అన్ని కులాల, అన్ని ఊళ్ళ వారికీ చేరాయి. ఇలా చేరినవాటిని తెలుగు ఎలా తనవిగా చేసుకున్నదో చూడవలసినదే. హల్లుతో ముగిసే మాట తెలుగు నోటికి ఇమడదు కనుక చివర ఉకారం చేరుతుంది. ఒంటి అక్షరపు మాటలో అచ్చు హ్రస్వమైతే చివరి హల్లు ద్విత్వమవుతుంది, దీర్ఘమైతే కాదు. బస్సు, కప్పు, బిల్లు, మిల్లు ఒక జట్టు. కారు, బోటు, గేటు, స్కూలు మరొక జట్టు. ఇంగ్లీషులో హ్రస్వమే అయినా, ఇక్కడ దీర్ఘంగా వినిపించింది కాబట్టి లాకు రెండో జట్టులో చేరింది. రోడ్డు మాత్రం ఏ సూత్రానికీ లొంగక దీర్ఘాన్నీ ద్విత్వాన్నీ రెండింటినీ పట్టుకుని కూర్చుంది. బడి మొహం చూడనివారు పాటించిన ఈ సూత్రాన్ని ఎవరూ ఎవరికీ నేర్పలేదు. నిన్నమొన్న వచ్చిన సెల్లు, నెట్టు, సిమ్ము కూడా మొదటి జట్టులోనూ, ఫోను రెండో జట్టులోనూ తమంత తామే సర్దుకున్నాయి.