పాత ప్రింటర్ల డ్రైవర్లు

ప్రింటరు డ్రైవరు అనగా కంప్యూటరులోని పత్రాన్ని ప్రింటరుకు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చే సాఫ్టువేరు. తయారీ సంస్థ ఒక నమూనాకు కొత్త డ్రైవర్లు ఇవ్వడం మానివేస్తే, యంత్రం బాగానే ఉన్నా కొత్త కంప్యూటరుతో పనిచేయకపోవచ్చును. అప్పుడు ప్రింటరు పేరుకంటే అది గ్రహించే ఆదేశభాష ముఖ్యము.

నేపథ్యం

శ్రీ సత్యసాయి జిల్లాలోని ధర్మవరం, పెనుకొండ, హిందూపురం పట్టణాలు గుంతకల్లు - బెంగుళూరు రైలుమార్గంలో ఉన్నవి. ధర్మవరం పట్టుచీరలకు, హిందూపురం బెల్లం, చింతపండు వ్యాపారానికి ప్రసిద్ధి. ఇటువంటి వ్యాపార కేంద్రాలలో ఒకేసారి రెండు మూడు కార్బను ప్రతులతో బిల్లు కావలసినవారికి డాట్ మాట్రిక్స్ ప్రింటరే తగినది. దాని సూదులు రిబ్బనుపై కొట్టడం వలన అడుగు కాగితాలపైన కూడా అచ్చు పడుతుంది. లేజర్, ఇంక్‌జెట్ ప్రింటర్లకు ఇది సాధ్యం కాదు. రిబ్బను, కేబులు బెంగుళూరులో కొనవచ్చును. సరిపోయే డ్రైవరును మాత్రం వెదకుకొనవలసినదే.

ఆదేశభాషలు

* ఈఎస్‌సీ/పీ: ఎప్సన్ రూపొందించినది. టీవీఎస్ ఎంఎస్‌పీ శ్రేణి వంటి ఇతర డాట్ మాట్రిక్స్ ప్రింటర్లు కూడా దీనిని గ్రహిస్తాయి.
* పీసీఎల్: హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థది. 1984లో వచ్చిన మొదటి లేజర్‌జెట్‌లో కూడా ఇదే ఉన్నది.
* పోస్ట్‌స్క్రిప్ట్: 1984లో అడోబ్ విడుదల చేసినది.
* సొంత పద్ధతులు: కానన్ ఎల్‌బీపీ 2900, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 వంటివాటిలో పుటను చిత్రంగా మార్చే పని కంప్యూటరే చేస్తుంది. వీటికి సామాన్య డ్రైవర్లు పనికిరావు.

డ్రైవరు ఎంపిక

# ప్రింటరు పుస్తకంలో "ఎమ్యులేషన్" అన్నచోట ఏ భాష పేర్కొన్నారో చూడవలెను.
# ఎప్సన్ అని ఉంటే సూదుల సంఖ్య గమనించవలెను. 9 సూదులకు ఎల్ఎక్స్ లేదా ఎఫ్ఎక్స్, 24 సూదులకు ఎల్‌క్యూ శ్రేణి డ్రైవరు ఎంచుకొనవచ్చును.
# 64 బిట్ల విండోస్‌లో 32 బిట్ల డ్రైవరు పనిచేయదు.
# లినక్స్‌లో కప్స్ ముద్రణ వ్యవస్థను ప్రయత్నించవచ్చును. లేజర్‌జెట్ 1020కు ఫూ2జెడ్‌జేఎస్ అనే స్వేచ్ఛా డ్రైవరు గలదు. ఈ ప్రింటరును వెలిగించిన ప్రతిసారీ దానికి ఫర్మ్‌వేరు పంపవలసి ఉంటుంది.
# అపరిచిత వెబ్‌సైట్లలోని డ్రైవర్లతో వైరస్‌లు రావచ్చును. తయారీ సంస్థ సైటును ముందుగా చూడడం మేలు.

తెలుగు ముద్రణ

విండోస్‌లోని "జెనెరిక్ / టెక్స్ట్ ఓన్లీ" డ్రైవరుతో ఆంగ్ల అక్షరాలు, అంకెలు వేగంగా అచ్చవుతాయి. సాధారణ డాట్ మాట్రిక్స్ ప్రింటరు స్మృతిలో తెలుగు లిపి ఉండదు కనుక తెలుగు బిల్లుకు ఇది చాలదు. అక్షరాలను చుక్కల చిత్రంగా పంపగల డ్రైవరు అవసరం. ముద్రణ కొంత నెమ్మదిగా సాగుతుంది.

చరిత్ర

1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ప్రయోగశాలకు వచ్చిన జిరాక్స్ ప్రింటరు సాఫ్టువేరు మూలసంకేతం రిచర్డ్ స్టాల్‌మన్‌కు లభించలేదు. 1983లో ఆయన గ్నూ ప్రాజెక్టు ప్రకటించడానికి ఈ అనుభవం ఒక ప్రేరణ. మూలసంకేతం బహిరంగంగా ఉన్న డ్రైవరును, సంస్థ వదలివేసినా, ఇతరులు కొనసాగించవచ్చును.

ఇవి కూడా చూడండి

* డాట్ మాట్రిక్స్ ప్రింటరు
* స్వేచ్ఛా సాఫ్టువేరు