యూపీఐ సర్కిల్: పిన్ చెప్పకుండానే ఇంట్లోవాళ్లకు చెల్లింపు అధికారం

బ్యాంకు ఖాతా ఒకరిది, ఖర్చు పెట్టేది ఇంకొకరు. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. హాస్టల్‌లో ఉన్న కొడుక్కో, మందుల షాపుకెళ్లే అమ్మీకో యూపీఐ పిన్ చెప్పేస్తుంటారు. పిన్ చెప్పడమంటే ఖాతా మొత్తం చేతిలో పెట్టడమే. ఆ అవసరం లేకుండా ఎన్‌పీసీఐ 2024 ఆగస్టులో యూపీఐ సర్కిల్ తెచ్చింది.

ఇందులో ఖాతాదారు ప్రైమరీ యూజర్. ఆయన ఐదుగురి వరకు సెకండరీ యూజర్లుగా చేర్చుకోవచ్చు. వారికి సొంత బ్యాంకు ఖాతా లేకపోయినా ఫర్వాలేదు. కానీ ఒకరు ఒక్కరి సర్కిల్‌లోనే ఉండాలి.

అధికారం రెండు రకాలు. పాక్షిక అధికారంలో సెకండరీ యూజర్ స్కాన్ చేయగానే ప్రైమరీ ఫోన్‌కు రిక్వెస్ట్ వెళ్తుంది. ఆయన పిన్ కొడితేనే డబ్బు కదులుతుంది. భద్రత ఎక్కువే గానీ, అబ్బా డ్యూటీలో ఉండి ఫోన్ చూడకపోతే షాపు ముందు నిలబడాల్సిందే. పూర్తి అధికారంలో ఆ ఎదురుచూపు ఉండదు. పేరుకు 'పూర్తి' అయినా హద్దు ఉంది: నెలకు గరిష్ఠంగా 15,000 రూపాయలు, ఒక్కో చెల్లింపు 5,000 లోపు. అంతకంటే తక్కువ పరిమితి కూడా పెట్టుకోవచ్చు. నెల ఖర్చుకు ఇదే నయం.

చేర్చడానికి సెకండరీ యూజర్ క్యూఆర్ స్కాన్ చేయాలి, లేదా యూపీఐ ఐడీ ఇవ్వాలి. వారి నంబరు కాంటాక్ట్స్‌లో ముందే సేవ్ అయి ఉండాలి, అవతలివారు ఒప్పుకోవాలి. అన్ని యాప్‌లలో రెండు రకాలూ దొరకవు, చూసుకోవాలి.

సెకండరీ ఫోన్ పోతే ప్రైమరీ యూజర్ తన యాప్‌లోంచే వెంటనే ఆ పేరు తీసేయొచ్చు. పిన్ మార్చక్కర్లేదు.